వెళ్లేదెవరు, ఉండేదెవరు

మూటలు కట్టడం పూర్తయింది. వెళ్లేదెవరో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు. చోక్‌చెర్రీ కాలనీని మనం అక్కడ విడిచి వచ్చాం.

హట్టరైట్లనే క్రైస్తవ శాఖవాళ్లు నూటయాభై మంది ఒకే వంటింట్లో వండుకుని ఒకే గదిలో తినే ఊరది. భూమి గానీ, ఆవు గానీ, ఆఖరికి తాము పడుకునే మంచం గానీ ఎవరి పేరునా ఉండదు. అన్నీ సంఘానివే. జనం అంతకు పెరిగారంటే కాలనీ రెండుగా చీలాలి. అందుకే మోంటానా మైదానంలోనే, లారీలో గంటన్నర దూరాన ఉన్న బ్రెక్కే పొలాన్ని కొన్నారు, ఇళ్లు కట్టారు. పొలం అమ్మింది ఆర్డిస్ అనే ముసలావిడ, భర్త పోయాక. ఆమె మరిది డెల్ బ్రెక్కేకి ఆ అమ్మకం గొంతులో ముల్లయింది. కొత్త ఊరికి బాట డెల్ పొలం మధ్యనుంచే పోవాలి. అన్నదమ్ముల మధ్య రాతకోతలెందుకని వాళ్ల నాన్న కాలం నుంచీ ఆ బాట గురించి ఎవరూ కాగితం రాసుకోలేదు. నిన్న సాయంత్రం డెల్ ఆ బాట మీది గేటుకు గొలుసు బిగించి తాళం వేశాడని కబురొచ్చింది.

తెల్లవారింది. సెప్టెంబరు ఆఖరు. గోధుమ కోసేసిన చేలు అంచులదాకా పసుపుపచ్చగా పడుకుని ఉన్నాయి.

ఉమ్మడి వంటింట్లో గిన్నెలు కూడా రెండు వాటాలుగా సర్ది ఉన్నాయి. పెద్ద డేగిశా ఇటు, చిన్నవి రెండూ అటు. కత్తులు సగం, అట్లకాడలు సగం. ఊరంతా అంతే. బంగాళాదుంపలు, బాతులు, పందులు, పాటల పుస్తకాలు, కుట్టుమిషన్లు అన్నిటినీ వేసవంతా కూర్చుని పంచారు. ఇన్ని పంచినా ఒక్క పోట్లాట జరగలేదు. పాత నీలం కెటిల్ ఒకటి మిగిలిపోతే రెండు గుంపుల ఆడవాళ్లూ "మీరుంచుకోండి" అంటే "మీరుంచుకోండి" అని వారం రోజులు దాన్ని అటూ ఇటూ తిప్పారు.

ఆ కెటిల్లోనే కాఫీ కాస్తూ, పక్కన ఉల్లిపాయలు తరుగుతోంది రాహెల్. నలభై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఆమె, ఆమె భర్త యోర్గ్ పెద్ద బోధకుడు జకారియస్ గుంపులో ఉన్నారు. ఆమె తల్లి డొరోథియా కొడుకు దగ్గర ఉంటుంది కనుక రెండో బోధకుడు డేరియస్ గుంపులో ఉంది. ఏ గుంపు వెళ్లాలో తేల్చే చీటీ ఎటు పడినా తల్లీకూతుళ్లు చెరో ఊరే.

"ఏమే, ఆ ఉల్లిపాయలేం పాపం చేశాయి? అట్లా నరుకుతున్నావు," అంది డొరోథియా బల్ల దగ్గర కూర్చుని.

"నీ నోరు ఎవరి వాటాకొస్తుందో అని ఆలోచిస్తున్నానమ్మా."

"నా నోటికి రెండూళ్లూ చాలవు. అక్కడికి కూడా వినబడుతుందిలే, భయపడకు."

అప్పుడే బయట పికప్పు ట్రక్కు ఆగిన చప్పుడు. తలుపు దబ్బున వేసిన చప్పుడు. రాహెల్ కిటికీలోంచి చూసింది. బూడిదరంగు మీసం, చెమట మరకల టోపీ, వంగని నడుము. వసంతకాలంలో కొత్త వంటింటికి రంగులు వేయడానికి పోయినప్పుడు గేటు దగ్గర కంట్లో నిప్పులు పోసుకుని చూసిన మనిషే.

"డెల్ బ్రెక్కే వచ్చాడు," అంది.

"వస్తే ఏం? ఒక పళ్లెం ఎక్కువ పెట్టు," అంది డొరోథియా.

ముంగిట్లో జకారియస్ ఎదురెళ్లాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. తెల్లగడ్డం, నల్లకోటు, ఎడమ మోకాలు వంగదు. చుట్టూ మగవాళ్లు పనులాపి నిలబడ్డారు.

"గేటు తెరవను," అన్నాడు డెల్, పలకరింపు లేకుండా. "చెప్పాపెట్టకుండా ఆపాడని రేపు మీరు అనకూడదు. మొహం మీద చెప్పిపోదామని వచ్చా."

"మంచిపని చేశావు. కాఫీ తాగావా?"

"కాఫీ కోసం రాలేదు నేను."

"దానికోసం రాకపోయినా తాగొచ్చు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డెల్ చెవులు ఎర్రబడ్డాయి. "నవ్వండి. మీ లాయరు చెప్పే ఉంటాడు, కోర్టుకెక్కితే ఆ బాట మీకే వస్తుందని."

"చెప్పాడు."

"మరింకేం?"

"పొరుగువాడి మీద మేం కోర్టుకెక్కం డెల్. నీకు తెలుసది."

"తెలుసు కాబట్టే వేశా గొలుసు," అన్నాడు డెల్. అన్న తరువాత ఆ మాట తనకే చేదుగా తగిలినట్టు ఒక్క క్షణం ఆగాడు. కానీ ఆగితే ఓడిపోతాననుకున్నాడో ఏమో, గొంతు పెంచాడు.

"మా వైపు బడి మూతబడింది. ఎందుకు మూతబడిందో తెలుసా? పిల్లల్లేరు. పిల్లలెందుకు లేరు? పొలాల మీద మనుషుల్లేరు. ఒక్కో పొలం అమ్మకానికొస్తుంది, మీరో, మీలాంటి ఇంకో కాలనీయో కొంటుంది. మా బేస్‌బాల్ జట్టుకి తొమ్మిదిమంది దొరకడం లేదు. నేను చస్తే నా పొలం వేలానికొస్తుంది జకారియస్. నువ్వు చస్తే? ఏమీ రాదు. నీ సంఘానికి చావు లేదు. చావున్నవాడు చావులేనివాడితో ఎట్లా పోటీ పడతాడు, చెప్పు?"

కాలనీ మీద ఎన్నో మాటలు విన్నారు చుట్టూ నిలబడ్డవాళ్లు. పన్నులు కట్టరని, బందెలదొడ్డిలా బతుకుతారని, ఊళ్లో అంగడికి రారని. వాటికి జవాబులున్నాయి. ఈ మాట ఎవరూ అనలేదు ఇంతవరకూ.



"నువ్వన్నది నిజం," అన్నాడు జకారియస్. "మీ బడి మూతపడ్డం నాకూ బాధే. కానీ, డెల్, నేను భూమి మింగుతున్నానంటున్నావే, ఆ మాట మటుకు చూసి అను. రా."

ముసలాయన కుంటుకుంటూ తన ఇంటివైపు నడిచాడు. డెల్ పోదామా వద్దా అని నిలబడి, చుట్టూ ఉన్న చూపులకి తట్టుకోలేక వెంట నడిచాడు.

ఇంట్లో కిటికీలకు తెరల్లేవు. మంచం విప్పి గోడకు ఆనించి ఉంది. నట్టనడుమ ఒక పచ్చరంగు పెట్టె, దాని మీద చుట్టిన బాతు ఈకల బొంత. అంతే.

"ఇదంతా ఏంటి? నువ్వెందుకు సర్దావు?" అన్నాడు డెల్. "నువ్వు పెద్దవాడివి కదా ఇక్కడ?"

"మేమిద్దరం బోధకులం. ఒక్కొక్కరి వెనక సగం జనం. ఏ సగం వెళ్లేదీ ఇంకా తెలీదు. ప్రార్థనయ్యాక చీటీ తీస్తాం. వెళ్లమని పడ్డవాళ్లు భోజనాలవేళకి అక్కడుంటారు."

"ఈ రోజు?"

"ఈ పూటే."

"అంటే... ప్రతి ఇంట్లోనూ ఇట్లాగే సర్దారా?"

"ప్రతి ఇంట్లోనూ."

"సగంమంది ఊరికే సర్దారన్నమాట."

"సగంమంది మళ్లీ విప్పుకుంటారు. బొంతలకి కాస్త గాలి తగిలినట్టుంటుంది."

డెల్ నవ్వలేదు. గుమ్మంలోకి వచ్చి వరసగా ఉన్న ఇళ్లవైపు చూశాడు. ప్రతి కిటికీ బోసిగా ఉంది. ప్రతి గుమ్మంలో పెట్టెలు, చుట్టిన బొంతలు, కాళ్లు విప్పిన బల్లలు, తాడుతో కట్టిన కుర్చీలు. ఊరు ఊరంతా లేచి నిలబడి ఎవరో పిలిస్తే పోవడానికి సిద్ధంగా ఉన్నట్టుంది.

"ఇక్కడి కొట్టాలన్నీ కట్టించింది నువ్వేగా? ఆ చెట్ల వరస నువ్వు నాటించిందేగా?" గొంతు తగ్గింది డెల్‌కి. "నువ్వు ఉంటానంటే ఎవరు కాదంటారు?"

"నేను అడిగితే కదా, ఎవరైనా కాదనడానికి," అన్నాడు జకారియస్. "నా పేరున బెత్తెడు నేల లేదు డెల్. నేను పోతే మా పెద్దాడికి వచ్చేది ఈ టోపీ ఒక్కటే. అదీ వాడి తలకి పట్టదు, పెద్ద బుర్ర."

అంతలో ఎవరో పిలిచారు. చీటీ తీయించడానికి పొరుగు కాలనీ పెద్దాయన వచ్చాడు. జకారియస్ వంటింటివైపు తిరిగి, "రాహెలూ, ఈయనకి కాఫీ ఇవ్వమ్మా," అని కేకేసి వెళ్లిపోయాడు.

రాహెల్ కాఫీ, ఒక బన్ను తెచ్చి వంటింటి మెట్ల మీద పెట్టింది. డెల్ కూర్చోకుండా నిలబడే కప్పు అందుకున్నాడు. లోపల్నుంచి డొరోథియా గొంతు: "రెండో బన్ను కూడా పెట్టవే, మనిషి చిక్కిపోయున్నాడు. కోపం తినేస్తుంది ఒళ్లు."

"మా అమ్మ," అంది రాహెల్.

"వినబడుతూనే ఉంది." డెల్ మీసం కొంచెం కదిలింది. "నువ్వు ఏ గుంపు?"

"జకారియస్ పెదనాన్న గుంపు. అమ్మ రెండోది."

"అంటే చీటీ ఎటు పడ్డా..."

"ఎటు పడ్డా అంతే."

"అయినా సర్దుకున్నావు."

"సర్దుకున్నాను. ఒకటి తప్ప."

ఆమె చూపు కొట్టాల వెనక వాలు మీదకు పోయింది. అక్కడ తెల్లరంగు కర్రల కంచె లోపల చిన్న చిన్న రాళ్లు. డెల్ చూపూ అటే పోయింది.

"ఎవరు?"

"మా జోనస్. ఆరేళ్లవాడు. జ్వరం." ఆ ముక్క ఎన్నిసార్లో చెప్పీ చెప్పీ నునుపెక్కిన గొంతుతో అంది. "చీటీ అటు పడితే వాణ్ణి ఇక్కడ వదిలి పోవాలి."

డెల్ కప్పు మెట్టు మీద పెట్టాడు. బన్ను చేతిలోనే ఉంది. కాసేపు దాన్నే తిప్పి తిప్పి చూశాడు.

"గేటు అవతల దిబ్బ ఉంది, చూశావా? ముళ్లతీగ కంచె లోపల మూడు రాళ్లు."

"చూశాను. వసంతంలో."

"మా అమ్మ, మా నాన్న. మూడోది మా అన్న నార్మన్, ఆర్డిస్ మొగుడు. వదిన సంతకం పెట్టేటప్పుడు ఆ దిబ్బ కూడా పొలంతోపాటే పోతుందన్న మాట ఎవరికీ గుర్తులేదు. నాక్కూడా లేదు. తరువాత తట్టింది." బన్ను ముక్కలైపోయింది చేతిలో. "అరవైమూడేళ్లవాణ్ణి. ఇకమీదట మా అమ్మ దగ్గరికి పోవాలంటే మీ ముంగిట్లో నిలబడి, అయ్యా పోనా అని అడుక్కోవాలా? రేపు మీరు వద్దంటే? మీరనకపోతే మీ తరువాతివాళ్లంటే? అందుకని... ముందే నేనే తాళం వేశా. మీరు వేసేలోపు."

రాహెల్ నోటిదాకా ఒక మాట వచ్చింది: మీరు అడగనక్కర్లేదు అని. కానీ ఆ మాట ఇచ్చే హక్కు తనకు లేదు. నేల ఆమెది కాదు. ఎవరిదీ కాదు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన ఆ సంగతి మొదటిసారి ఆమెకు గుండెల మీద రాయిలా బరువుగా తోచింది.

గంట మోగింది.

"మేం లోపలికి పోవాలి," అంది. "మీకిష్టమైతే రండి. తలుపు దగ్గర నిలబడొచ్చు."

ప్రార్థన గదిలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, వయసు వరసన కూర్చున్నారు. ముందు పిల్లలు, వెనక ముసలివాళ్లు. గదిలో పటం లేదు, దీపం లేదు, పువ్వు లేదు. తెల్లటి గోడలు, చెక్క బల్లలు, నల్లటి బట్టలు. పొరుగు కాలనీ పెద్దాయన ప్రార్థన ముగించి తన టోపీ తీసి తిరగేసి పట్టుకున్నాడు. అందులో రెండు చీటీలు వేశాడు. ఒకదాని మీద ఉండు అని, ఒకదాని మీద వెళ్లు అని.

"వయసులో పెద్ద కనుక జకారియస్ తీస్తాడు," అన్నాడు.

ముసలాయన లేచాడు. వంగని మోకాలు బల్లకి తగిలి టక్కుమంది. రాహెల్ తల వంచుకుంది. ఉండు అని పడాలని కోరుకోకూడదు. వెళ్లు అని పడాలనీ కోరుకోకూడదు. కోరిక లేకుండా కూర్చోవడమే ఇక్కడ చేయాల్సిన పని. కానీ కళ్లు మూసుకున్నా తెల్ల కర్రల కంచె కనబడుతూనే ఉంది. పక్కనున్న చిన్నకూతురు లీసెల్ చెయ్యి దొరకబుచ్చుకుంది.

చీటీ విప్పిన చప్పుడు గదంతా వినబడింది.

"మేం వెళ్తున్నాం," అన్నాడు జకారియస్.

ఏడుపుల్లేవు. నిట్టూర్పుల్లేవు. ఒక బల్ల కిర్రుమంది, ఎక్కడో ఒక పసిబిడ్డ గుక్కపెట్టి ఆగింది. అంతే. నూటయాభై మంది బతుకులు రెండుగా తెగితే అయిన చప్పుడు అంతే. తలుపు దగ్గర నిలబడ్డ డెల్ బ్రెక్కే అటూ ఇటూ చూశాడు. ఎవరో ఒకరు లేచి ఇది అన్యాయం అంటారని ఎదురుచూశాడు. ఎవరూ లేవలేదు.

ఏడ్చింది ఒక్కడే. డేరియస్. ఉండిపోయే బోధకుడు. నలభై రెండేళ్ల గండుమనిషి, రెండు చేతుల్లో మొహం దాచుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. పోగొట్టుకున్నవాళ్ల కళ్లు పొడిగా ఉన్నాయి. అన్నీ దక్కినవాడికి ఆ బరువు ఆగలేదు.

జకారియస్ అతని పక్కకి పోయి భుజం మీద చెయ్యి వేశాడు. కోటు జేబులోంచి తాళాల గుత్తి తీసి అతని ఒళ్లో పెట్టాడు. "దాణా కొట్టం తలుపు కాస్త పైకెత్తి తియ్యాలి," అన్నాడు. "లేకపోతే రాదు."

తలుపు దగ్గర డెల్ చెయ్యి తన తల మీదకు పోయింది. టోపీ ఎప్పుడు తీశాడో అతనికి గుర్తులేదు. అది చేతిలోనే ఉంది.

బయటికొస్తూ జకారియస్ అతని ముందు ఆగాడు. "పొరుగువాడి గురించి నీకు కంగారుగా ఉండింది కదూ పొద్దున. ఇదిగో, నేనే. నా అంత సణుగుడుగొట్టు ఇంకెవరూ దొరకరు నీకు."

డెల్ గబగబా నడిచి పికప్పు ఎక్కి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాడు. అటు పోయేది గొలుసు ఇంకా బిగించడానికో, దేనికో ఎవరికీ అర్థం కాలేదు.

"గేటు మూసుంటే?" అని యోర్గ్ అడిగాడు.

"గేటు దాకా పోదాం," అన్నాడు జకారియస్. "ఆపైన గేటే చెబుతుంది."

ఉండేవాళ్లు, వెళ్లేవాళ్లు కలిసి లారీలు నింపారు. ఉండేవాళ్లు తమ మూటలు విప్పుకోకుండా ముందు వెళ్లేవాళ్లవి ఎక్కించారు. నీలం కెటిల్ ఎవరు పెట్టారో, రాహెల్ మూట మీద కూర్చుని ఉంది. డొరోథియా కూతురి తలగుడ్డ ముడి విప్పి మళ్లీ గట్టిగా కట్టింది. చిన్నప్పుడు కట్టినట్టు.

"పిల్లాడి దగ్గర గడ్డి నేను పీకుతాలే," అంది. "పొద్దున్నే పోతా, ఎండ రాకముందు. నువ్వు దిగులుపెట్టుకోకు."

"నడుం నొప్పి కదమ్మా నీకు."

"కూర్చుని పీకుతా. వాడితో కబుర్లు కూడా చెప్పొచ్చు. ఇక్కడ నా మాట అడ్డం రాకుండా వినేది వాడొక్కడే." నవ్వబోయి, కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "పోవే. పో. తిరిగి చూడకు," అంది.

రాహెల్ తిరిగి చూడలేదు. వాలు దగ్గర ముందు లారీ కాస్త నెమ్మదించింది. కిటికీలోంచి ఒక నల్లటోపీ పైకి లేచి మళ్లీ దిగింది. జకారియస్ భార్య కూడా ఆ కంచె లోపలే ఉంది.

ఆకాశం వేసవిలో ఉన్నంత పెద్దగా ఉంది. లారీల వెనక దుమ్ము లేచి, చేల మీద చాలాసేపు నిలబడి, ఆగి ఆగి దిగుతోంది. డెల్ పొలం మలుపు తిరగగానే యోర్గ్ ముందుకు వంగి చూశాడు.

గేటు బార్లా తెరిచి ఉంది.

పక్కన డెల్ నిలబడ్డాడు. గొలుసు భుజం మీద వేసుకున్నాడు. ముందు లారీ ఆగగానే దగ్గరికి వచ్చాడు. అతని మొహంలో గెలుపు గానీ ఓటమి గానీ లేవు. భయం ఉంది.

"నా గేటు తెరిచా," అన్నాడు. "కానీ అక్కడ..."

బాట చివర ఏటి మీద పాత చెక్క వంతెన. దాని నడుమదాకా చక్రాలు పలకల మీదకి ఎక్కించి, అంచు నుంచి అంచు దాకా అడ్డంగా, ఇంటెత్తు గోధుమ కోత మిషన్ నిలబడి ఉంది. పైన అద్దాల గదిలో ఒక మనిషి.

"వెండెల్. మా చిన్నాన్న కొడుకు," అన్నాడు డెల్. "నిన్న నేనే వాడింటికి పోయి రమ్మన్నా. ఇప్పుడు పొమ్మంటే పోవడం లేదు." మిషన్ కిందకు పరుగున పోయి అరిచాడు. "వెండెల్! తీసెయ్. అయిపోయింది."

అద్దం తెరుచుకుంది. "ఏమయిపోయింది? నిన్న నా ఇంట్లో బల్ల గుద్దిందెవరు? పొద్దున వాళ్ల రొట్టె ముక్క తిని మనసు మార్చుకున్నావా?"

"ఇది నా పొలంరా. నా పొలంలో ఉన్నావు నువ్వు!"

"అయితే పోలీసుని పిలు. నీ కొత్త చుట్టాలు మాత్రం పిలవరట కదా!" తరువాత ఆ గొంతు పగిలింది. "నా పిల్లలకి బడి లేదు డెల్. రోజూ రెండు గంటలు బస్సులో పోతున్నారు. నువ్వు మరిచిపోయావేమో. నేను మరవలేదు."

జకారియస్ లారీ దిగాడు. వంతెన దాకా కుంటుకుంటూ వచ్చి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"అబ్బాయీ! పిల్లలు ఆకలిమీదున్నారు. నీకు ఎప్పుడు తియ్యాలనిపిస్తే అప్పుడే తియ్యి. లారీలు ఆగుతాయి. మేం నడిచిపోతాం."

"ఎక్కణ్ణుంచి నడుస్తావు ముసలాయనా? వంతెనంతా నేనే ఉన్నా."

"వంతెన నీదే," అన్నాడు జకారియస్. "ఏరు ఎవరిది?"

ఆయన గట్టు దిగాడు. బూట్లతోనే, కోటుతోనే నీళ్లలోకి నడిచాడు. సెప్టెంబరు ఏరు, మోకాలి పైదాకా ఉంది. కొండల మీద కురిసిన తొలిమంచు కరిగి వస్తున్న నీళ్లు, ఎముకల్ని కొరికే చలి. ఆయన వంగని కాలు ఒక రాయి మీద జారింది, నిలదొక్కుకుంది. వెనక్కి తిరిగి రమ్మని కూడా పిలవలేదు.

లారీల తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మగవాళ్లు బొంతలు తలకెత్తుకున్నారు. తల్లులు చంటిపిల్లల్ని భుజాన వేసుకున్నారు. యోర్గ్ పెద్దదాన్ని పట్టుకున్నాడు, రాహెల్ లీసెల్‌ని చంకనేసుకుంది. నల్లకోట్లు, చుక్కల తలగుడ్డలు, గట్టు మీంచి వరసగా ఏట్లోకి దిగుతున్నాయి. అరుపు లేదు, శాపం లేదు, పైన ఉన్న మనిషి వైపు ఒక్క కోపపు చూపు లేదు. నీళ్ల చప్పుడు, కాళ్ల చప్పుడు. గట్టు మీద డెల్ చూస్తూ నిలబడ్డాడు. తన తాత ఈ ఏరు ఇలాగే దాటి వచ్చాడని చిన్నప్పుడు నార్మన్ చెప్పేవాడు. ఇన్నేళ్లలో ఇంతమంది మనుషుల్ని ఈ ఏట్లో అతను ఎన్నడూ చూడలేదు.

పైన అద్దాల గదిలో వెండెల్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ అద్దానికి ఆనించి కిందకు చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ తల నుంచి టోపీ లాగి పారేశాడు. కూర్చున్నాడు.

ఇంజను గర్జించింది.

రాహెల్ అప్పటికి ఏటి నడుమ ఉంది, సరిగ్గా వంతెన పక్కన. తలెత్తి చూసింది. మనిషెత్తు చక్రాలు మెల్లగా కదిలాయి. వెనక్కి. అతను తీసేస్తున్నాడు. "అమ్మా, దారి ఇస్తున్నాడు!" అంది లీసెల్.

గట్టు మీంచి డెల్ కేక వినబడింది. "ఆపు వెండెల్! ఆపరా! పలకలు..."

తలల మీద ఎండిన చెక్క ఫెళ్లుమని విరిగింది. ఇంటెత్తు మిషన్ నీడ నీళ్ల మీదకి ఒరిగింది.